రోహిణి కార్తెను దాటే రంగులు

జనవరిలో హైదరాబాద్‌లో ఏ నర్సరీకి వెళ్లినా మొక్కలన్నీ అందంగానే కనిపిస్తాయి. పగలు 28, 29 డిగ్రీల ఎండ, రాత్రి 14, 15 డిగ్రీల చలి. పెటూనియా, డయాంథస్, సాల్వియా, డాలియా, చేమంతి ఒకేసారి విరగబూసే రోజులవి. చలికాలంలో నెక్లెస్ రోడ్డులో జరిగే నర్సరీ మేళా నుంచి ఆటోల్లో, కార్ల డిక్కీల్లో ఇళ్లకు చేరే మొక్కల్లో ఎక్కువ భాగం అప్పటికప్పుడు పూలతో నిండి ఉన్నవే. ఉప్పల్ దాటి బోడుప్పల్, చెంగిచెర్ల, మేడిపల్లి వైపు కొత్తగా లేచిన కాలనీల్లో గృహప్రవేశం చేసుకున్నవాళ్లు గేటు పక్కన ఆ కుండీలను ముచ్చటగా పేర్చుకుంటారు. మార్చి నెలాఖరుకు సగం వాడిపోతాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చేసరికి కుండీల్లో ఎండుపుల్లలు మిగులుతాయి. తప్పు తమ చేతిదేనని, తాము మొక్క పెడితే బతకదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చాలాసార్లు తప్పు ఎంపికలో ఉంటుంది. మొక్కను ఏ నెలలో కొన్నా, ఎంచేటప్పుడు మాత్రం మే నెలాఖరును తలుచుకోవాలి. వెచ్చటి ప్రాంతపు ఇంటితోటకు రంగులెంచే పద్ధతుల్ని వరసగా పరిశీలిస్తే తేలేది ఇదే: అత్యంత కష్టమైన పదిహేను రోజుల్ని కొలమానంగా పెట్టుకుని వెనక్కి లెక్కవేసినవాళ్ల తోటలోనే ఏడాది పొడవునా రంగు ఉంటుంది.

ముందు ఈ నేల సంగతి చూడాలి. చెంగిచెర్ల దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. ఒకవైపు రిజర్వు అడవి, మరోవైపు ఏటేటా పెరిగే లేఅవుట్లు. కింద గ్రానైటు రాయి, పైన పలచటి ఎర్రచెలక. వాన ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్లు, అందులో సింహభాగం జూన్ నుంచి అక్టోబరు లోపలే. మిగిలిన ఏడు నెలలు మొక్క మన బకెట్టు మీద, బోరు మీద ఆధారపడి బతకాలి. మే నెలలో పగటి ఉష్ణోగ్రత సగటున 39, 40 డిగ్రీలు. హైదరాబాద్‌లో నమోదైన అత్యధికం 1966 జూన్‌లో 45.5 డిగ్రీలు. ఎండాకాలం మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం దరిదాపులకు పడిపోతుంది. అంటే వేడి ఒక్కటే కాదు, పొడిగాలి కూడా ఆకులోని నీటిని లాగేస్తుంది. పైగా 150, 200 గజాల ప్లాటులో ఇల్లు కట్టగా మిగిలేది గేటు పక్కన జానెడు జాగా, చుట్టూ ప్రహరీ, మెట్లు, మిద్దె. ఆ జాగాలో ఉండేది కూడా చాలాచోట్ల అసలు మట్టి కాదు, పునాది నింపగా మిగిలిన మొరం, సిమెంటు పెళ్లలు. పడమటి గోడ పగలంతా తాగిన వేడిని రాత్రి దాకా కక్కుతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీలో వేరు గాలి కంటే ఎక్కువగా వేడెక్కుతుంది. నేలలో నాటినప్పుడు 40 డిగ్రీలకు చలించని మొక్క అదే ఎండలో కుండీలో కమిలిపోవడానికి కారణం ఇదే.

ఎండ ఏ దిక్కు నుంచి పడుతుందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి కొద్ది దూరంలో ఉంది. అందువల్ల మే 10 ప్రాంతం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. డిసెంబరులో దక్షిణాన బాగా వాలి, మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. కాబట్టి ఉత్తరం వైపు వరండాలో చలికాలమంతా నీడ, మే నెలలో నేరుగా ఎండ. దక్షిణం వైపు సందు ఇందుకు తలకిందులు. నీడ మొక్కలని ఉత్తరపు వరండాలో పెట్టినవి మే నెలలో ఆకులు మాడ్చుకుంటున్నాయంటే అందులో వింతేమీ లేదు. చలికాలంలో చోటు చూసి మొక్కను ఎంచడం, ఆ చోటును సగమే చూసి ఎంచడం అవుతుంది.

ఇక సలహాల సంగతి. తోటపని గురించి ఇంగ్లిషులో దొరికే పుస్తకాల్లో, వీడియోల్లో, విత్తనాల పొట్లాల మీద ఉండే సూచనల్లో చాలా భాగం చలిదేశాల్లో పుట్టినవి. అమెరికా వ్యవసాయ శాఖ వారి మండలాల పటం ప్రపంచమంతటా వాడుకలో ఉంది. అది కొలిచేది ఒక్కటే: ఏడాదిలో అతి చల్లటి రాత్రి ఎంత చల్లగా ఉంటుందని. ఆ లెక్కన హైదరాబాద్ 11వ మండలానికి అటూ ఇటూగా పడుతుంది. అక్కడ బతికే మొక్కల జాబితా కొండవీటి చాంతాడంత ఉంటుంది. కానీ మనకు మొక్కను చంపేది డిసెంబరు రాత్రి కాదు, మే మధ్యాహ్నం. మనల్ని ఎన్నడూ ఇబ్బంది పెట్టని చలిని కొలిచే పటం చూసి మొక్కను ఎంచుకుంటే ఆ ఎంపికకు అర్థం లేదు. పొట్లాల మీద ‘పూర్తి ఎండ’ అన్న సూచనను కూడా అలాగే చదువుకోవాలి. ఉత్తర దేశాల్లో ఆరుగంటల ఎండ అంటే ఏటవాలుగా పడే మెత్తటి వెలుగు. ఇక్కడ ఆ ఆరుగంటల్లో పొద్దున నాలుగు గంటలు మేలు చేస్తే, మధ్యాహ్నపు రెండు గంటలు ఆ మేలంతా చెరిపేస్తాయి. చాలా మొక్కల విషయంలో ‘పూర్తి ఎండ’ అన్నచోట మనం ‘పొద్దుటి ఎండ’ అని చదువుకుంటే చాలు.

మొక్క పుట్టిల్లు కూడా ముఖ్యమే. హైదరాబాద్ నర్సరీల్లో అమ్మే అలంకరణ మొక్కల్లో పెద్ద భాగం తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నుంచి లారీల్లో వస్తుంది. తెలుగు నేల మీద ఆ నర్సరీలు సాధించింది చిన్న విషయం కాదు. దేశం నలుమూలలకూ మొక్కలు పంపే పరిశ్రమను రైతులే నిలబెట్టుకున్నారు. కానీ కడియం గోదావరి ఒండ్రు నేల. గాలిలో తేమ ఉంటుంది, కాలువలు పారతాయి, షేడ్‌నెట్ల కింద మొక్క సుకుమారంగా పెరుగుతుంది. అక్కడి బంకమట్టి ముద్దతో వచ్చిన మొక్కను ఇక్కడ కొబ్బరిపొట్టు కలిపిన వదులు మట్టిలో పెడితే, పోసిన నీళ్లు ముద్ద చుట్టూ జారిపోయి కుండీ అడుగున కారతాయి. లోపల వేరు మాత్రం పొడిగానే ఉంటుంది. పైన చూస్తే మట్టి తడిగా ఉంది, మొక్క వాడిపోతోంది. ఇంకా నీళ్లు పోస్తారు. అందుకే కొత్త మొక్కను తెచ్చిన రోజే ఎండలో పెట్టకుండా పది పదిహేను రోజులు నీడలో ఉంచి, మెల్లమెల్లగా వెలుగుకు జరపాలి. శాశ్వతంగా ఉండే మొక్కల్ని మృగశిర కార్తె దాటి తొలకరి పడ్డాక, జూన్ చివర, జూలైలో నాటుకోవాలి. అప్పుడు నాటిన మొక్కకు మొదటి ఎండాకాలం రావడానికి తొమ్మిది పది నెలల వ్యవధి ఉంటుంది, వేరు లోతుకు దిగుతుంది. ఫిబ్రవరిలో నాటిన మొక్కకు ఆ వ్యవధి రెండు నెలలే.

ఇంతకీ తోటలో రంగు అంటే ఏమిటి? పూలే రంగు అనుకోవడం మన మొదటి పొరపాటు. తెలుగువారి ఇంట్లో ఆ పొరపాటు మరింత ఖరీదైనది. ఎందుకంటే ఇక్కడ పూలు చెట్టున ఉండవు. మందారం, నందివర్ధనం, గన్నేరు, కనకాంబరం, గులాబీ, ఇంట్లో పూసినవన్నీ పొద్దున్నే పూజగదికి, కొన్ని జడలోకి పోతాయి. మన ఇంట్లోవాళ్లు కోయకపోతే పొద్దుటి నడకకు వచ్చినవాళ్లు ప్రహరీ మీదుగా కోసుకుంటారు. ఏడున్నర దాటేసరికి ఎంత పూసే మందారమైనా పచ్చటి పొద. ఇది ఫిర్యాదు కాదు. పూజకు కోయడానికే పెంచుకునే పూలవి, అందుకే వాటికి ఈ ఇళ్లలో చోటుంది. కానీ తోట ఎంపికలో దీన్నుంచి ఒక సూత్రం వస్తుంది. కోసే రంగు వేరు, చూసే రంగు వేరు. రెండింటినీ వేర్వేరుగా లెక్కవేసుకోవాలి. చూసే రంగును ఎవరూ కోయని చోట వెతకాలి: ఆకులో, పూరేకుల్లా కనిపించే రంగు ఆకుల్లో, ఎత్తున పూసే కొమ్మల్లో. పుస్తకాల్లో ఉండే రంగుల చక్రం కంటే ఈ ఒక్క విభజన మన ఇంటితోటకు ఎక్కువ ఉపయోగం.

చూసే రంగులో మొదటి పేరు కాగితంపూల చెట్టుది. బోగన్‌విలియా అంటే ఇప్పుడు అందరికీ తెలుసు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ తీగపొదలో మనం పువ్వు అనుకునేది పువ్వు కాదు. మధ్యలో సన్నగా, తెల్లగా కనిపించే గొట్టమే పువ్వు. చుట్టూ ఉన్న రంగు రేకులు మారిన ఆకులు. పూరేకు కంటే అవి గట్టివి కనుక రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి రంగు నిలుస్తుంది. ఈ చెట్టుకు కొంత దాహమే మేలు చేస్తుంది. నీళ్లు తగ్గి నేల ఆరినప్పుడు ఆకు తగ్గించి రంగు విప్పుతుంది. రోజూ నీళ్లు పోసి, పేడ ఎరువు దండిగా వేసేవాళ్ల ఇంట్లో ఆకులు దట్టంగా పెరిగి రంగు రాకపోవడానికి అదే కారణం. బోడుప్పల్ రోడ్డు విభాగినుల మీద పట్టించుకోని చెట్టు గులాబీ రంగులో కళ్లు జిగేలుమనిపిస్తుంటే, ఇంట్లో గారాబంగా పెంచిన చెట్టు పచ్చగానే ఉండటం చాలామంది చూసే ఉంటారు. ఒకే కొమ్మ మీద తెలుపు, గులాబీ రెండూ విప్పే మేరీ పామర్, ముద్దగా గుత్తులు వేసే మహారా లాంటి రకాలు కడియం మొక్కల్లో సులువుగా దొరుకుతాయి. లోపాలూ ఉన్నాయి. ముళ్లుంటాయి, రాలిన రేకులు గాలికి వీధంతా ఎగురుతాయి, కత్తిరించకపోతే కరెంటు తీగల దాకా పాకుతుంది. పిల్లలు ఆడే సందు పక్కన నాటకూడదు. అయినా నీళ్లు తక్కువున్న ఇంటికి, ఎండ ఎక్కువున్న గోడకు ఇంతకు మించిన రంగు దొరకదు.

మే నెల పరీక్షలో నెగ్గే పూలమొక్కలు మనం అనుకునేదాని కంటే ఎక్కువే. బిళ్లగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చింది. క్యాన్సర్ మందులైన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ దాని నుంచే తీశారు. నీరు నిలవకుండా చూసుకుంటే ఏడాది పొడవునా పూస్తుంది. ఇసుక కలిపిన మట్టిలో గడ్డిగులాబీ, అంటే టేబుల్ రోజ్, ఎండ ఎంత ముదిరితే అంతగా విప్పుకుంటుంది. దుంప కాండంలో నీళ్లు దాచుకునే ఎడారి గులాబీ, పసుపు గంటల టెకోమా, ఎర్రగన్నేరు, తెల్లటి నందివర్ధనం వేసవిలోనే నిండుగా ఉంటాయి. మల్లె కాలం కూడా ఇదే. తెలుపును రంగు కింద లెక్కవేయకపోవడం మనలో చాలామందికి అలవాటు. కానీ మే నెలలో ఎవరూ మధ్యాహ్నం తోటలో కూర్చోరు. పొద్దుగూకాక, కరెంటు దీపపు వెలుగులో కూర్చుంటారు. ఆ వేళ ఎరుపు, ఊదా నల్లబడిపోతాయి, నందివర్ధనం, మల్లె మాత్రమే కనిపిస్తాయి. వేసవి తోటకు తెలుపు అన్ని రంగుల కంటే ఎక్కువ పనిచేస్తుంది. దుంప మొక్కల్లో ఫుట్‌బాల్ లిల్లీది ఇంకో దారి. మిగిలిన కాలంలో ఆకులతో గడిపి, చలికాలంలో ఎండిపోయి నేలలో నిద్రపోయి, మే నెల తొలి జల్లులకు ఆకు కంటే ముందే ఎర్రటి బంతి లాంటి పువ్వును లేపుతుంది. కనకాంబరం దక్షిణ భారతపు సొంత మొక్క. పూర్తి ఎండ పనికిరాదు గానీ, చెట్టునీడలో ఏడాది అంతా ఆ నారింజ రంగు తగ్గదు.

రంగు ఎండకు ఎందుకు వెలుస్తుందో కొంత శాస్త్రం చెబుతుంది. గులాబీ, చేమంతి లాంటి పూలలో ఎరుపు, ఊదా ఇచ్చేవి ఆంథోసయనిన్లు. వేడి పెరిగితే మొక్క వాటిని తయారుచేయడం తగ్గిస్తుంది. డిసెంబరులో ముదురు ఎరుపుగా పూసిన గులాబీ ఏప్రిల్‌లో వెలిసిన చిన్న పువ్వు ఇవ్వడానికి కారణం ఇదే తప్ప ఎరువు చాలకపోవడం కాదు. కాగితంపూలు, గునుగు, పట్టుకుచ్చు, చంద్రకాంత, గడ్డిగులాబీ వేరే వంశానివి. వీటిలో ఆంథోసయనిన్లు ఉండవు, బీట్‌రూట్‌లో ఉండే బీటాలైన్ల జాతి రంగులుంటాయి. ఎండను తట్టుకునే గుణం ఆ రంగు వల్లే వచ్చిందనడానికి లేదు. కానీ మన నేల మీద వేడిలో రంగు నిలిపే మొక్కల్లో ఇన్ని ఒకే వంశం నుంచి రావడం ఎంపికకు మంచి ఆనవాలు. నర్సరీలో పేరు తెలియని మొక్క కనిపించినప్పుడు ఏ కుటుంబానిదని అడిగే అలవాటు ఉంటే సగం ప్రశ్నలు తీరతాయి.

అందంగా ఉండి, కొంత పట్టింపు కోరే మొక్కలు ఇంకో వరస. నూరువరహాలు అందులో మొదటిది. కేరళలో, కోస్తాలో విచ్చలవిడిగా పూసే మొక్క ఇక్కడ ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తుంటుంది. దానికి కాస్త పుల్లటి నేల కావాలి. ఇక్కడి బోరునీళ్లు ఉప్పన, సున్నం ఎక్కువ. దానికి తోడు ప్లాటులో సిమెంటు పెళ్లలు. మట్టిలో ఇనుము ఉన్నా వేరు అందుకోలేదు. వాననీళ్లు పట్టి పోయగలిగినవాళ్లు, బాగా చివికిన ఎరువు వేయగలిగినవాళ్లు మాత్రమే పెట్టుకోవాలి. మందారానికి ఎండ అడ్డు కాదు గానీ, వేసవిలో పిండినల్లి దాన్ని చుట్టుముడుతుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి వారం వారం కొట్టే ఓపిక ఉంటే సరే. మన వాళ్లు పూలు లేని ప్రతి రంగు మొక్కనూ ‘క్రోటన్లు’ అనేస్తారు. అసలు క్రోటన్‌కు వెలుగు తగ్గితే రంగు పోతుంది, మధ్యాహ్నపు ఎండ తగిలితే అంచు మాడుతుంది. తూర్పు గోడ దాని సరైన చోటు. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల వైపు, పెద్ద రోడ్ల పక్క దుమ్ము కూడా లెక్కలోకి వస్తుంది. నునుపైన ఆకు మీది దుమ్ము ఒక్క నీటిజల్లుకు పోతుంది, నూగున్న ఆకు మీద పేరుకుపోతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో గన్నేరు, పచ్చగన్నేరు, ఎడారి గులాబీ విషమని గుర్తుంచుకోవాలి. వాటిని నాటొద్దనడం లేదు, అందేచోట నాటొద్దంతే.

వానాకాలపు రంగులు వెతకాల్సిన పని లేదు, తెలంగాణ వాటిని ఎప్పుడో ఎంచి పెట్టింది. బతుకమ్మలో పేర్చే తంగేడు, గునుగు, బంతి, పట్టుకుచ్చు, గుమ్మడి పూలను ఒకచోట చేర్చి చూస్తే అది ఈ నేలకు సరిపోయే సెప్టెంబరు, అక్టోబరు రంగుల పట్టిక. తంగేడును 2014లో రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. అయినా ఇంటి ముందు తంగేడు నాటిన ఇల్లు అరుదు. బీడుల్లో, గుట్టల అంచుల్లో ఎవరూ నీళ్లు పోయని మొక్క కనుక దానికి మన దృష్టిలో విలువ తక్కువ. పెకిలించి తెస్తే బతకదు, తల్లివేరు తెగుతుంది. గింజను గరుకు కాగితం మీద రుద్ది, ఒక రాత్రి నానబెట్టి, ఉండవలసిన చోటే వేసుకోవాలి. బంతి నారును జూన్ చివర, జూలైలో నాటితే రెండు, రెండున్నర నెలలకు, బతుకమ్మ నాటికి పూలు చేతికొస్తాయి. కార్తీకం తర్వాత చేమంతి, డిసెంబరాలు. చేమంతి పగలు పొట్టిగా ఉన్నప్పుడు పూసేది. పాయిన్‌సెట్టియా కూడా అంతే. రాత్రంతా వీధిదీపం పడేచోట వాటిని పెట్టి, పూయలేదని బాధపడి లాభం లేదు. చీకటి కావాల్సిన మొక్కకు చీకటి దక్కాలి.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాలు తక్కువేం కాదు. మొదటిది: చలికాలపు పూలను వద్దంటే తోటలో సంబరమేం మిగులుతుంది? అవి వద్దని ఎవరూ అనడం లేదు. పెటూనియా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇచ్చే రంగుల కుప్ప మరే మొక్కా ఇవ్వదు. కానీ అవి పండక్కి వచ్చే చుట్టాల లాంటివి. రెండుమూడు నెలల తర్వాత వెళ్లిపోతాయని తెలిసి పిలవాలి, ఇంటి బరువు వాటి మీద పెట్టకూడదు. పది కుండీలున్న ఇంట్లో ఆరింటిలో ఏడాది పొడవునా నిలిచే పొదలు, మూడింటిలో కాలానికి తగ్గట్టు పూసే దుంపలు, బంతి, చేమంతి లాంటివి, మిగిలిన ఒకదానిలో చలికాలపు పూలు ఉంటే మార్చిలో తోట బోడిగా కనిపించదు. నవంబరులో నారు నాటేవాళ్లకు ఇవి దక్కినట్టు, జనవరిలో విరగబూసిన మొక్కను కొనేవాళ్లకు దక్కవు. కొన్న రోజే దాని ఆయువులో సగం అయిపోయి ఉంటుంది.

రెండో అభ్యంతరం డబ్బున్నవాళ్లది, పరికరాల మీద నమ్మకం ఉన్నవాళ్లది. షేడ్‌నెట్ కట్టి, డ్రిప్పు వేసి, తుంపర పెడితే ఏ మొక్కనైనా పెంచవచ్చు కదా అంటారు. పెంచవచ్చు. షేడ్‌నెట్ కట్టడం నిజంగా మంచిదే, ఎండాకాలం చాలా మొక్కల్ని అది ఒక్కటే కాపాడుతుంది. కానీ బోర్లు అడుగంటే ఏప్రిల్, మే నెలల్లో, వీధిలో ట్యాంకరు కోసం పక్కింటివాళ్లు ఎదురుచూస్తున్నప్పుడు, పూలకోసం తుంపర నడిపే తోటను నిలబెట్టడం ఏడాదికేడాది కష్టమవుతుంది. ఇంట్లోవాళ్లు పది రోజులు ఊరికి వెళ్లారంటే యంత్రం ఒక్కరోజు ఆగినా తోట పోతుంది. రంగు కోసం తెచ్చిన ఏర్పాటు వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. కుండీల కింది పళ్లేల్లో నిలిచిన నీళ్లు డెంగ్యూ దోమకు పుట్టిల్లు. తక్కువ నీళ్లడిగే మొక్కను ఎంచుకోవడం పొదుపే కాదు, ఇంటివాళ్ల ఆరోగ్యానికీ మంచిది.

మూడో అభ్యంతరం ఇందుకు ఎదురు దిక్కు నుంచి వస్తుంది: కాగితంపూలు దక్షిణ అమెరికావి, తురాయి, బిళ్లగన్నేరు మడగాస్కర్‌వి, తంగేడు, రేల, మోదుగ ఉండగా ఇవెందుకు? ఇందులో గౌరవించాల్సిన నిజం ఉంది. అలంకరణకని 19వ శతాబ్ది తొలి రోజుల్లో దేశానికి తెచ్చిన లాంటానా ఇప్పుడు మన అడవుల్ని కమ్మేసింది. ఊదా పూల అందం చూసి తెచ్చిన గుర్రపు డెక్క హైదరాబాద్ చెరువుల్ని మూసేసింది. హరితహారంలో విరివిగా నాటిన కోనోకార్పస్‌ను 2022లో ప్రభుత్వమే వద్దనుకుంది. అడవి పక్కనే ఇళ్లున్న చెంగిచెర్లలో ఈ మాట మరింత గట్టిగా వర్తిస్తుంది. పక్షి తిని మోసుకుపోయే పండ్లున్న లాంటానాను, గాలికి విత్తనాలు ఎగరేసే టెకోమాను అడవి అంచున ఉన్న ఇళ్లవాళ్లు మానుకోవడం మంచిది. కానీ పుట్టుకే కొలమానమైతే బతుకమ్మలో బంతికి చోటుండదు, అది మెక్సికో నుంచి వచ్చింది. చూడాల్సింది ఎక్కడి నుంచి వచ్చిందని కాదు, వచ్చి ఏం చేస్తోందని. మనం పెంచుకునే కాగితంపూల రకాల్లో చాలావరకు విత్తనం కట్టవు, కొమ్మతోనే పెరుగుతాయి, గోడ దాటి అడవిలోకి పోవు. కనుక స్థానిక మొక్కకు మొదటి అవకాశం, బయటి మొక్కకు నడవడి చూశాక అనుమతి అన్నది న్యాయమైన నియమం.

నాలుగో మాట మిద్దెతోట వాళ్లది. చెంగిచెర్లకు కూతవేటు దూరంలోని నారపల్లిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి మీద కూరగాయలు పండించి, మిద్దెతోట అన్న ఆలోచనను తెలుగు ఇళ్లకు దగ్గర చేశారు. ఉన్న జానెడు జాగాలో తినే మొక్క పెట్టుకోక రంగు మొక్కలెందుకన్న ప్రశ్న అలాంటి చోట సహజమే. అయితే బీర, సొర, కాకర, గుమ్మడి పిందె కట్టాలంటే తేనెటీగ రావాలి. రంగులేని మిద్దె మీదికి అది ఎందుకొస్తుంది? బంతి పూలు తేనెటీగను పిలుస్తాయి, వేరుముడులు తెచ్చే పురుగుల్ని కూడా తగ్గిస్తాయి. ఇక్కడ ముద్దపూల కంటే ఒంటిరేకు పూలు మేలు. ముద్దపూలలో పుప్పొడి, తేనె దాదాపు దొరకవు. కనుక కూరగాయల తోటకు పూలు ఖర్చు కాదు, పెట్టుబడి. మొదటి నుంచి చెబుతున్న కొలమానం ఇక్కడా మారదు: మే నెలలో మిద్దె మీద నిలబడలేని పువ్వు కూరగాయకు కూడా సాయపడలేదు.

చివరి అభ్యంతరం అన్నిటికంటే సూక్ష్మమైనది. అందరూ ఎండకు తట్టుకునే మొక్కలే ఎంచుకుంటే కాలనీ అంతా ఒకే రకంగా, కాగితంపూలు, బిళ్లగన్నేరుగా మారిపోదా? ఇప్పటి పరిస్థితి చూస్తే ఈ భయం తలకిందులైనది. ఒకే రకంగా ఉన్నవి ఇప్పటి తోటలే. ఒకే మేళాలో కొన్న ఒకే రకం పెటూనియాలు, మార్చికి ఒకే రకం ఖాళీ కుండీలు. మే నెలను కొలమానంగా పెట్టుకున్నవాళ్లకు ఎంచుకోవడానికి ఆకుల రంగులున్నాయి, దుంపలున్నాయి, తీగలున్నాయి, సాయంత్రం నాలుగింటికి విప్పే చంద్రకాంత ఉంది, తెల్లగా విచ్చుకుని గులాబీకి, ఎరుపుకు మారే రాధామనోహరం ఉంది. కఠినమైన కొలమానం ఎంపికను కుదించదు. పనికిరాని సగాన్ని పక్కన పెట్టి, మిగిలిన సగాన్ని శ్రద్ధగా చూడమంటుంది.

ఇదంతా కొనేవాడి మీదే మోపడం న్యాయం కాదు. ఇప్పుడు నర్సరీలో కుండీ మీద ఉండేది ధర ఒక్కటే, మహా అయితే ఒక ఇంగ్లిషు పేరు. సిద్దిపేట జిల్లా ములుగులో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరున రాష్ట్ర ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, రాజేంద్రనగర్‌లో పూల పరిశోధన కేంద్రం ఉంది. వీళ్లూ, నర్సరీ యజమానుల సంఘాలూ కలిసి ప్రతి కుండీకి తెలుగులో నాలుగు మాటల చీటీ కడితే చాలు: ఏయే నెలల్లో రంగు, మే నెలలో రోజుకు ఎన్నిసార్లు నీళ్లు, పొద్దుటి ఎండా పూర్తి ఎండా, విషమా కాదా. ఆ చీటీ వచ్చేదాకా కొనేవాళ్లు ఆ నాలుగు ప్రశ్నలూ అడగాలి. పూలు విరగబూసిన మొక్కను పక్కన పెట్టి, ఆకు దిట్టంగా ఉండి ఇంకా మొగ్గ వేయని మొక్కను తీసుకోవాలి. జవాబు తెలియని నర్సరీలో కొనకపోవడం కూడా ఎంపికలో భాగమే. అలా అడిగేవాళ్లు పెరిగితే, అమ్మకానికి వచ్చే మొక్కలు కూడా జనవరిని వదిలి మే నెల వైపు జరుగుతాయి.